జామీను సంతకం గురించి, మా గ్రామ సమాఖ్య అక్కచెల్లెళ్లకు

సమాఖ్య అధ్యక్షురాలు వదినగారికి, సంఘాల లీడర్లకు, సభ్యులందరికీ నమస్కారం.

ఈ నెల మీటింగులోనే మాట్లాడదామనుకున్నాను. కానీ మీటింగంటే పొదుపు లెక్కలు, కిస్తీలు, బ్యాంకు లింకేజీ. మధ్యలో జైలుకెళ్ళిన తల్లికి జామీను పడే విషయం ఎత్తితే పోయినసారిలాగే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అందుకని రాస్తున్నాను. అందరూ చదివేలా బహిరంగంగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. కోనసీమలో, ఆ మాటకొస్తే గోదావరికి అటూ ఇటూ ఏ ఊరి సంఘానికైనా రేపు ఇదే ప్రశ్న ఎదురుకావచ్చు.

ఆ అమ్మాయి పేరు రాయను. మీకు తెలుసు. మన అంగన్‌వాడీలో నా చేతి కోడిగుడ్డు తిని పెరిగిన పిల్ల. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళేది. భర్త సెంట్రింగ్ పనికని హైదరాబాద్ వెళ్ళి మళ్ళీ ఇటు చూడలేదు. తల్లి కువైట్‌లో ఇంటిపనిలో ఉంది, అప్పు తీరేదాకా రాలేదు. పోయిన నవంబరులో ఈ అమ్మాయిని రాజమండ్రిలో పట్టుకున్నారు. చంకలో ఐదు నెలల పాప, చేతిలో సంచి. సంచిలో ఎనిమిది కిలోల గంజాయి ఉందని కేసు. సంచి దాటిస్తే మూడు వేలు ఇస్తామన్నారట. లోపల ఏముందో తనకు తెలియదంటుంది.

తెలుసో తెలియదో తేల్చాల్సింది కోర్టు. తెలిసే పట్టుకుందని అనుకుని ఈ ఉత్తరం చదవండి. అప్పటికీ నేను చెప్పేది మారదు.

పాలు తాగే బిడ్డ కాబట్టి పాప కూడా తల్లితోపాటు జైలుకి వెళ్ళింది. సంక్రాంతికి ఎనిమిది రోజుల ముందు బెయిలొచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఒక్కొక్కరు ఇరవై ఐదు వేలకు పూచీ. లీగల్ ఎయిడ్ తరఫున వాదించిన లాయరమ్మ నాకు ఫోన్ చేసి, "ఊళ్ళో ఆ అమ్మాయికి ఎవరైనా ఉన్నారా అండీ" అని అడిగింది. ఇంటి పన్ను రసీదు, ఆధార్, రెండు ఫొటోలు పట్టుకుని ఒక పూట కోర్టుకి వస్తే చాలంది. మన సమాఖ్యలో సొంత ఇల్లు తన పేరున ఉన్న ఆడవాళ్లు యాభై మందికి తక్కువ ఉండరు. నేను ఆ మర్నాడే మీటింగులో అడిగాను.

ఏం జరిగిందో మీకు గుర్తుంది. మొదట లేచింది మనందరికీ కావలసిన అక్క. ఆవిడ కొడుకు డిగ్రీ రెండో ఏడాదిలో గంజాయికి అలవాటుపడి చదువు మానేశాడు. ఇంట్లో బంగారం పోయింది. రెండుసార్లు డీఅడిక్షన్ సెంటర్‌లో పెట్టి తెచ్చుకున్నారు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "అలాంటి సంచీలోంచే కదమ్మా నా కొడుకు చేతిలోకి వచ్చింది. దానికి నేను సంతకం పెట్టాలా?" అంది, అంతే. ఆ తర్వాత ఎవరికీ నోరు పెగల్లేదు. నాకూ పెగల్లేదు.

అప్పుడు ఎవరో అన్నారు, "పోనీ, తల్లి సంగతి వదిలేద్దాం. బిడ్డేం పాపం చేసింది? బిడ్డకేదైనా చేద్దాం." అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్కడికక్కడే ఆరు వేల నాలుగు వందలు పోగయ్యాయి. గౌన్లు, తువ్వాళ్లు, సబ్బులు, పాల డబ్బాలు కొన్నాం. భోగికి రెండు రోజుల ముందు ఆటో మాట్లాడుకుని రాజమండ్రి వెళ్ళాం, బ్యానర్ పట్టుకుని జైలు గేటు ముందు ఫొటో దిగాం.

మనం గౌన్లు పట్టుకుని గేటు ముందు నిలబడ్డ రోజుకి ఆ తల్లికి బెయిలొచ్చి ఐదు రోజులైంది. ఆ పాప గేటు ఇవతలికి రావడానికి కావలసింది గౌను కాదు, రెండు సంతకాలు. సంతకం పెట్టగలిగిన వాళ్ళం పదకొండు మందిమి గేటు బయటే నిలబడి, సామాను లోపలికి పంపి వచ్చేశాం. ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను.

ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. నా పేరున ఇల్లుంది. గంజాయి కేసులో జామీను పడితే ఉద్యోగానికి ఏమైనా ఇబ్బందేమో అని టెన్షన్ పడ్డాను, ఎవరినీ అడిగి తెలుసుకోను కూడా తెలుసుకోలేదు. బెయిలొచ్చాక ఆ పాప లోపల ఉన్నది నలభై ఒక్క రోజులు. అందులో నా వంతు నాకు తెలుసు.

"బిడ్డేం పాపం చేసింది" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. వినడానికి దయగల మాటే. కానీ ఆ మాటతో తల్లిని ఒక గట్టునా బిడ్డని ఇంకో గట్టునా పెట్టేస్తున్నాం. ఏడు నెలల పిల్లకి తల్లి కాకుండా వేరే లోకం ఏముంటుంది? తల్లికి నిద్ర లేకపోతే అది పాలలో తెలుస్తుంది, తల్లికి దిగులైతే పిల్ల ఒంట్లో తెలుస్తుంది. ఇరవై రెండేళ్లుగా బాలింతల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నదాన్ని, ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పాల డబ్బాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పసిపిల్లల పాల డబ్బాలు, పాల సీసాలు అనాథాశ్రమాలకి తప్ప ఎవరికీ ఉచితంగా పంచకూడదని 1992 నుంచి చట్టమే ఉంది. తల్లి పాలు మాన్పించేస్తాయని. ఆ రోజు ఆ మాట మీకు చెప్పాల్సింది నేనే.

ఇంకో మాట కూడా వచ్చింది మీటింగులో. అధికారులకి అర్జీ పెట్టి పాపని శిశుగృహలో చేర్పిద్దాం, జైల్లో పెరగడం కన్నా నయం కదా అని. అన్నవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. జైలు పిల్లలు పెరగాల్సిన చోటు కాదన్నది నిజమే. కానీ తల్లి లేని చోటు దానికి మందు కాదు. మన దేశంలో ఆరేళ్లు నిండేదాకా పిల్లల్ని తల్లి దగ్గర ఉండనిస్తున్నది అందుకే. పసిపిల్లకి తల్లీ కావాలి, ఇల్లూ కావాలి. రెండూ దొరకాలంటే తల్లి బయటికి రావడం ఒక్కటే దారి. బెయిలొచ్చిన తల్లి విషయంలో ఆ దారికి అడ్డం పడింది చట్టం కాదు, మనం.

చట్టం ఏం చెప్తుందో లాయరమ్మ దగ్గర కూర్చుని చెప్పించుకున్నాను. 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ అనే ఆయన మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసు అది. తల్లితో జైల్లో ఉన్న పిల్లల్ని ఖైదీల్లా చూడకూడదని అందులో స్పష్టంగా ఉంది. కాన్పు వీలైనంతవరకు జైలు బయటే జరగాలి. మూడేళ్ల లోపు పిల్లలకి క్రెష్, ఆ పై పిల్లలకి నర్సరీ ఉండాలి. సరైన వసతి లేకుండా పిల్లల తల్లుల్ని సబ్‌జైళ్లలో పెట్టకూడదు. ఇలాంటి తల్లుల కేసుల్ని కోర్టులు ముందుగా తీసుకుని త్వరగా తేల్చాలి. ఏ పిల్లకి ఎంత పప్పు, ఎన్ని పాలు అన్నది కూడా రాశారు.

ఆ తీర్పులో నన్ను పట్టేసిన మాట ఇంకొకటి ఉంది. జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలని రాయకూడదట. ఆ పేట చిరునామా మాత్రమే రాయాలట. బారసాలకి కూడా వీలైనన్ని సౌకర్యాలు కల్పించాలన్నారు. ఆ బిడ్డని ఎన్నడూ చూడని జడ్జీలు, ఆ పిల్ల బడిలో చేరే రోజు కాగితం మీద 'జైలు' అన్న మాట కనపడకూడదని అంత ముందుచూపుతో ఆలోచించారు.

మరి మనం ఆ మాటని బ్యానర్ మీద రాయించాం. గేటు ముందు ఫొటో, దానికింద తల్లి పేరు, వీధి పేరు, పాప పాత ఫొటో పెట్టి వాట్సాప్‌లో తిప్పాం. ఆ అమ్మాయి పెద్ద కొడుకు రెండో తరగతి చదువుతున్నాడు. ఏడేళ్లు నిండాయి కాబట్టి తల్లితో జైల్లో ఉండే వీలు లేదు, పెదనాన్న ఇంట్లో ఉన్నాడు. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు మా సెంటర్ దగ్గరికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, చొక్కా గుండీ తిప్పుకుంటూ, "టీచరుగారండీ, ఆ ఫొటో తీసేయమని చెప్పండి" అన్నాడు. బళ్ళో వాణ్ణి ఏమని పిలుస్తున్నారో నేను అడగలేదు. చెప్పించడం ఇష్టం లేక అడగలేదు. గ్రూపులో ఆ ఫొటో ఇంకా ఉంది. ఈ ఉత్తరం చదవగానే దయచేసి తీసేయండి. ముందు ఆ పని చేసి, మిగతాది తర్వాత చదవండి.

ఇక జామీను. మనలో చాలామందికి ఈ మాట అంటేనే భయం. సంతకం పెడితే ఆ అమ్మాయి తప్పు చేయలేదని మనం ఒప్పుకున్నట్టు అనుకుంటున్నారు. కాదు. వాయిదాకి పిలిచిన రోజు కోర్టుకి వస్తుందని పూచీ పడటం, అంతవరకే. రాకుండా పారిపోతే ఆ ఇరవై ఐదు వేలు మన దగ్గర వసూలు చేసే అధికారం కోర్టుకి ఉంది. అది దాచను, అది నిజమైన రిస్కే.

కానీ అక్కా, పూచీ అంటే ఏమిటో ఈ ఊళ్ళో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? డ్వాక్రా సంఘం నడిచేదే ఒకరి అప్పుకి పది మంది పూచీ మీద. బ్యాంకువాళ్లు ఆస్తి అడగలేదు, మన మాట అడిగారు. పోయిన ఏడాది ఒకావిడ మూడు కిస్తీలు కట్టలేకపోతే సంఘంలో మిగతా తొమ్మిది మందీ కలిసి కట్టారు, ఎవరూ గుండెలు బాదుకోలేదు. గేదెకి, కుట్టు మిషనుకి పడిన పూచీ పాలు తాగే పిల్ల తల్లికి పడలేమా? సమాఖ్యలో రెండు వందల మందిమి ఉన్నాం. ఇద్దరి జామీనూ కలిపితే యాభై వేలు. పారిపోతుందనే అనుకుందాం, తలా రెండు వందల యాభై. ఆ రోజు మనం కొన్న ఒక్కో గౌను మూడు వందల యాభై.

డబ్బు కట్టలేని పేద ఖైదీలకి కేంద్రం 2023లో పథకం పెట్టింది కదా అని ఒకరు అడిగారు. నిజమే, బెయిలొచ్చినా పూచీకి దారిలేని విచారణ ఖైదీలకి డబ్బు సాయం చేస్తారు. కానీ గంజాయి కేసులకి అది వర్తించదు. అలాంటివాళ్లకి ఊరే దిక్కు.

మన అమ్మాయి చివరికి ఎలా బయటికి వచ్చిందో కూడా చెప్పాలి, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది. బెయిలొచ్చాక కూడా జామీనుదారులు దొరక్క నెల దాటి లోపల ఉండిపోతే, కోర్టు తనంతట తానే ఆ షరతుల్ని తగ్గించే విషయం చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలువాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలియజేయాలని కూడా అందులో ఉంది. లాయరమ్మ ఆ మాట చూపించి పిటిషన్ వేసింది. కోర్టు ఒక్క జామీను చాలంది. అప్పుడు నేను వెళ్ళి పెట్టాను. గుమాస్తా చూపించిన మూడు చోట్ల సంతకాలు, ఒక వేలిముద్ర. పావుగంట పట్టింది. ఉద్యోగానికి ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు. ఆడవాళ్లకి, జైల్లో ఉన్నవాళ్లకి లాయరు ఉచితమేనని, ఆదాయం ఎంతన్నది చూడరని 1987 చట్టంలోనే ఉందట. మన మీటింగుల్లో ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఈ మాట ఎవరైనా చెప్పారా?

ఇది ఒక్క అమ్మాయి కథ అనుకోకండి. 2022 డిసెంబరు 31 నాటి లెక్క ప్రకారం దేశంలో 1,537 మంది తల్లులు 1,764 మంది పిల్లలతో జైళ్లలో ఉన్నారు. వాళ్ళలో 1,312 మంది విచారణ ఖైదీలే. శిక్ష పడినవాళ్లు కాదు, తప్పు చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చనివాళ్లు. పదిమంది తల్లుల్లో ఎనిమిది మందికి పైనే. వాళ్ళలో ఎంతమందికి ఊళ్ళో ఎవరూ లేక లోపలే ఉండాల్సి వచ్చిందో అని ఆ అంకె విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

పాప బయటికి వచ్చిన మర్నాడు మా సెంటర్‌లో తూకం వేశాను. ఏడు కిలోల ఆరు వందలు. కార్డు మీద ఆకుపచ్చ గీతలోనే ఉంది. పాలు అందాయి, టీకాలు పడ్డాయి. లోపల వార్డరమ్మ ఒకావిడ తన ఇంట్లో పిల్ల అన్నట్టు చూసుకుందట. అంటే పిల్లకి గౌన్లు, పాలు తక్కువై కాదు. కానీ మొదట్లో రాత్రిళ్లు ఆ అమ్మాయి మా ఇంట్లోనే పడుకునేది. పడుకోబోతూ లైటు ఆపితే చాలు, పాప గుక్కపట్టి ఏడ్చేది. మళ్ళీ లైటు వేస్తే ఊరుకునేది. నాకు అర్థం కాలేదు. "బ్యారక్‌లో తెల్లవార్లూ లైటు ఆపరండీ. దానికి చీకటి తెలీదు," అంది తల్లి. గుడ్డి దీపంతో మొదలుపెట్టి, రోజూ కొంచెం కొంచెం తగ్గించి, పదమూడు రోజులకి చీకట్లో పడుకోబెట్టగలిగాం.

జైల్లో పెరిగిన పిల్లలు రోడ్డు మీద జంతువు కనపడితే భయపడతారని 2006 తీర్పులోనే ప్రస్తావించారు. మన పాప లోపల ఉన్నది మూడు నెలలే. ఇప్పుడు కాలవగట్టు మీద బాతుల్ని చూస్తే దోగాడుకుంటూ వెళ్ళిపోతుంది, పట్టుకోవడం కష్టం. మొదటి భోగిపళ్ళు మాత్రం పోయాయి.

కొడుకు విషయంలో ఆ అక్క అన్నదానికి జవాబు చెప్పకుండా ఈ ఉత్తరం ముగిస్తే అది పిరికితనం. జవాబు నా దగ్గర ఉందని కాదు. మీటింగయిన పది రోజులకి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ టీ ఇచ్చింది. కొడుకు గదిలో పడుకుని ఉన్నాడు. గంటసేపు వాడి గురించే మాట్లాడుకున్నాం, జామీను మాట నేను ఎత్తలేదు. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి, "నువ్వు పెట్టుకో, నేను అడ్డం చెప్పను. నన్ను మాత్రం అడగొద్దు," అంది. అది ఆవిడ హక్కు. సంతకం పెట్టలేదని ఆవిడని ఎవరూ ఒక్క మాట అనకండి. దెబ్బ తిన్న మనిషిని క్షమించమని అడిగే అధికారం మనకి లేదు. కానీ ఆవిడ దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని మిగతా నూట తొంభై తొమ్మిది మందిమి తప్పుకున్నాం చూశారా, అది మాత్రం తప్పు. ఆవిడకి అండగా నిలబడాలంటే ఊళ్ళో గంజాయి అమ్మేవాణ్ణి పట్టివ్వాలి. వాడెవరో మనలో సగం మందికి తెలుసు. వాడి మీద అర్జీ పెట్టడానికి ఒక్కరం కదల్లేదు గానీ, మూడు వేలకి సంచి మోసిన పిల్ల మీద అందరం తీర్పు చెప్పాం.

కాబట్టి వచ్చే మీటింగులో నేను అడిగేది ఇది. మన ఊరి తల్లి ఎవరైనా పసిబిడ్డతో జైల్లో ఉండి, కోర్టు బెయిలిస్తే, ఇద్దరు సభ్యులు జామీను పడేలా, ఆ రిస్కు సమాఖ్య అంతా పంచుకునేలా తీర్మానం రాయండి. కేసు ఏమిటని అడగొద్దు. ఎవరికి బెయిలివ్వాలో ఎవరికి కూడదో చూసుకునే పని కోర్టుది. బయట ఉండిపోయిన పెద్దపిల్లల్ని వారానికోసారి తల్లికి చూపించడానికి వంతులు వేసుకుందాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం, ఆటో డబ్బులు కూడా అక్కర్లేదు. మన పిల్లవాడు ఆ మూడు నెలల్లో తల్లిని చూసింది ఒక్కసారి. ఇక ఫొటోలు, బ్యానర్లు వద్దే వద్దు.

కేసు ఇంకా నడుస్తోంది. శిక్ష పడితే పడవచ్చు కూడా, అప్పుడు పాపతో మళ్ళీ వెళ్ళాల్సి వస్తే వారం వారం వెళ్ళి చూసి వద్దాం. షెడ్డువాళ్లు పనిలోకి రానివ్వడం లేదు. వాళ్ళతో అధ్యక్షురాలు వదినగారు ఒక్కసారి మాట్లాడితే వింటారని నా నమ్మకం.

వచ్చే మంగళవారం వాయిదా ఉంది. ఇప్పటిదాకా నేనే తోడు వెళ్తున్నాను. ఆ రోజు మా సెంటర్‌లో టీకాలు, నాకు కుదరదు. రావులపాలెం వెళ్ళే మొదటి బస్సు ఆరూ నలభైకి మన కాలవ వంతెన దగ్గర ఆగుతుంది, అక్కడ దిగి రాజమండ్రి బస్సు ఎక్కాలి. లోపలికి పిలిచినప్పుడు పాపని ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి. ఎవరు వెళ్తారో సోమవారం సాయంత్రంలోగా నాకు చెప్పండి.

ఇట్లు,
మీ అంగన్‌వాడీ టీచర్